ఎనిమిది వందల గ్రాములు

టూరింగ్ కార్ల రేసుల్లో గెలిచినవాడి చేతిలో కప్పు పెడతారు, అతని కారులో సీసం పెడతారు. మొదట వచ్చినవాడు తర్వాతి రేసులో నలభై కిలోల సీసం పలకలు మోయాలి. రెండోవాడు పాతిక, మూడోవాడు పదిహేను. ఎప్పుడూ ఒకడే గెలుస్తుంటే టిక్కెట్టు కొన్నవాళ్లకు మజా ఉండదని ఈ ఏర్పాటు. బేరం బాగా సాగే కొట్టుకు అద్దె పెంచినట్టన్నమాట. మిగతా డ్రైవర్లు దీన్ని ఎండా వానల్లాగే తీసుకుని ఊరుకున్నారు. మొండి మాత్రం పదహారేళ్లుగా పలక కనబడ్డప్పుడల్లా కొత్తగా మండిపడుతూనే ఉన్నాడు.

అతని అసలు పేరు లైసెన్సు మీద ఉంది, అంతే. కట్టుకున్న భార్య మొదలుకొని మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడి దాకా అందరికీ మొండే. వయసు నలభై ఒకటి. ముక్కు మీద కోపం అంటారు చూడండి, ఇతని ముక్కు మీద అది అద్దెకు దిగలేదు, సొంతిల్లే కట్టుకుంది.

టీమ్ బావది, అంటే అక్క మొగుడిది. ఆయన బ్యాటరీల వ్యాపారి. కార్లు రెండు. ఒకటి మొండి నడిపేది, రెండోది బావ కొడుకు నడిపేది. మేనల్లుడికి ఇరవై రెండేళ్లు. ఐదేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని వాడి చేత మొదటిసారి స్టీరింగ్ పట్టించింది మొండే.

సీజన్ మొదలయ్యే ముందు బావ ఇద్దర్నీ గరాజ్‌లో నిలబెట్టి చెప్పాడు. "ఈ ఏడు రెండు కార్లు. వచ్చే ఏడు ఒక్కటే. రెండు తిప్పే ఓపిక నాకు లేదు. ఎనిమిది రేసులయ్యాక ఎవరి పాయింట్లు ఎక్కువుంటే కారు వాళ్లది. కొడుకని చూడను, బామ్మర్దని చూడను."

"మరి రెండోవాడు?" అన్నాడు మొండి.

"రెండోవాడు గోడ అవతల నిలబడి చప్పట్లు కొడతాడు."

మేనల్లుడు నవ్వాడు. మొండికి నవ్వు రాలేదు. కుర్రాడి ముందు ఇరవై ఏళ్ల సరుకుంది. ఈ టీమ్ కాకపోతే మరో టీమ్, ఈ ఏడు కాకపోతే పై ఏడు. నలభై దాటిన డ్రైవరును కొత్తగా ఎవరూ తీసుకోరు. ఈ కారు పోతే మొండికి ఇంకో కారు లేదు. అతనికి చేతనైన పని ప్రపంచంలో అదొక్కటే.

మొదటి రేసు గెలిచాడు. పది పాయింట్లు. రెండో రేసులో నలభై కిలోల సీసం మోసుకుంటూ ఏడో స్థానంలో ఈడ్చుకొచ్చాడు. రెండు పాయింట్లు. ఆ రేసులో మేనల్లుడు రెండోవాడుగా వచ్చాడు.

"నేను గెలిస్తే నాకు శిక్ష, వాడు ఓడితే వాడికి బహుమానం!" అని గరాజ్‌లో హెల్మెట్ విసిరికొట్టాడు మొండి.

అత్తగారు దాన్ని తీసి తుడిచి బల్ల మీద పెట్టింది. అత్తగారంటే అతని భార్య తల్లి కాదు. అతని కారు చూసుకునే పెద్ద మెకానిక్. యాభై ఐదేళ్లావిడ. ఏ పని చేసినా వంక పెడుతుందని గరాజ్ అంతా కలిసి ఆ పేరు పెట్టారు. ఆవిడ కాదనలేదు. "నాకు కొడుకులు లేరు, మీరందరూ కోడళ్లే" అనేది.

"పగిలితే కొత్తది రావడానికి నెల పడుతుంది నాయనా," అంది. "ఈసారి కోపమొస్తే ఆ టైరు తన్ను. దానికి దెబ్బలు అలవాటే."

మూడో రేసులో జరిగింది వేరు. మొండి నాలుగో స్థానంలో ఉన్నాడు, వెనకే మేనల్లుడు. తిన్నని దారి చివర కుడి మలుపు. మొండి ఎప్పుడూ బ్రేక్ వేసే చోటే వేశాడు. మేనల్లుడు వేయాల్సిన చోట వేయలేదు. వెనక నుంచి గుద్దితే మొండి కారు బొంగరంలా తిరిగి గోడకు కొట్టుకుంది. కుర్రాడు చక్కగా ముందుకెళ్లి మూడోవాడుగా వచ్చాడు.

విచారణ అధికారుల ముందు కుర్రాడు నేల చూపులు చూస్తూ, "మామయ్యే ఎప్పటికన్నా ముందు బ్రేక్ వేశారు" అన్నాడు. రేసుల్లో ఇలాంటివి మామూలేనని రాసి కాగితం మడిచారు. మొండి బల్ల గుద్దాడు. గుద్దినందుకు హెచ్చరిక ఇచ్చారు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

"బావా, మీరైనా చెప్పండి. నేను ముందు వేశానా?"

"నేను చూళ్లేదురా," అన్నాడు బావ. "పెద్దవాళ్లు తేల్చారు కదా, వదిలెయ్."

ఆ రోజు నుంచి మొండి మేనల్లుడితో మాట మానేశాడు. అక్క ఫోన్ చేసి, "వాడు పసివాడురా" అంది. "పసివాళ్లకు మూడు చక్రాల సైకిల్ కొనిపెట్టు అక్కా, మూడొందల గుర్రాల కారెందుకు?" అని పెట్టేశాడు. అక్కతో కూడా మాట తెగిపోయింది.

నాలుగో రేసు వానలో జరిగింది. వానలో మొండిని పట్టుకునేవాడు లేడు. తడి రోడ్డు మీద అందరూ కారును బతిమాలతారు, ఇతను గదమాయిస్తాడు. గెలిచాడు. ఐదో రేసులో మళ్లీ నలభై కిలోలు, ఆరో స్థానం. ఆరో రేసులో ఇంజన్ పొగ కక్కి ఆగిపోయింది, సున్న. ఆ మధ్యలో కుర్రాడు గెలవకుండానే చిల్లర పోగేసినట్టు పాయింట్లు పోగేశాడు. ఏడో రేసులో మొండి రెండోవాడుగా వచ్చాక చూస్తే కుర్రాడివి ముప్పై నాలుగు, మొండివి ముప్పై మూడు.

మిగిలింది ఒక్క రేసు. ముందు స్థానాల్లో ఎవడు ఎవణ్ణి దాటితే కారు వాడిది. రెండోవాడుగా వచ్చిన పాపానికి మొండి పాతిక కిలోలు మోయాలి. కుర్రాడి కారులో సీసం లేదు.

చివరి రేసు పొద్దున అత్తగారు పలకలు బిగిస్తుంటే మొండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఈ రేసుల్లో ఇంకో లెక్క ఉంది. రేసు అయిపోయాక డ్రైవరును కూర్చోబెట్టి కారును తూకం మీదికి ఎక్కిస్తారు. పలకలతో కలిపి మొండి కారు పదమూడు వందల పాతిక కిలోలకు తగ్గకూడదు. తగ్గితే గెలుపు కొట్టేస్తారు.

"నాలుగు కిలోలు ఎక్కువ ఉంచుతున్నా," అంది అత్తగారు.

"సగం తీసెయ్. రెండుతో సరిపెట్టు. ఇప్పటికే వాడికన్నా పాతిక కిలోల బరువు నాది."

"చివరికి టైర్లు అరిగిపోతాయి నాయనా. తూకానికి కిలో, కిలోన్నర తగ్గుతుంది. ఏ ముక్కో ఊడిందంటే ఇంకా తగ్గుతుంది."

"దారిలో ఏరుకొస్తాలే."

ఏరుకురావడం అంటే ఇది. రేసంతా కార్ల టైర్ల నుంచి ఊడిన రబ్బరు ముక్కలు దారి పక్కన పోగుపడతాయి. రేసు అయ్యాక గరాజ్‌కు తిరిగొచ్చే చుట్టులో నెమ్మదిగా ఆ ముక్కల మీద నడిపితే వేడి టైర్లకు అవి జిగురులా అంటుకుంటాయి. నాలుగు టైర్లకూ కలిపి రెండు కిలోలు తేలిగ్గా వస్తుంది. నిబంధనల్లో తప్పు లేదు, అందరూ చేసేదే.

"మర్చిపోకు," అంది అత్తగారు. "రేడియోలో గుర్తు చేస్తాలే."

ట్రాక్ గోడ దగ్గర భార్య చేతి గడియారం పట్టుకుని నిలబడింది. ప్రతి రేసుకూ నిలబడుతుంది. కంప్యూటర్లు సెకనును వెయ్యి ముక్కలు చేసి చూపిస్తుంటే నీకెందుకీ పని అని అడిగితే, "కంప్యూటర్‌కి మా ఆయన సంగతి తెలీదు. కోపమొస్తే మూడో మలుపులో అర సెకను పోగొడతారు. అది నేను కనిపెడతా" అనేది.

రేసు మొదలైంది. పదో చుట్టుకు మొండి ముందుకొచ్చాడు. మేనల్లుడు రెండో స్థానంలో అతుక్కున్నాడు. తేలిక కారు, కుర్ర చేతులు. ప్రతి మలుపులోనూ అద్దం నిండా వాడే. మొండి మాత్రం దారి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు కదలడు. ఎడమకొస్తే ఎడమ, కుడికొస్తే కుడి.

ఇంకా రెండు చుట్లున్నాయనగా రేడియోలో బావ గొంతు వినిపించింది. "మొండీ, వాడికి దారియ్యి. ఇద్దరూ గుద్దుకుంటే రెండూ పోతాయి. వాడి కారు వేగంగా ఉంది. కప్పు ఎవరు తెచ్చినా మనింటికే కదా."

మొండికి అరికాలి మంట నెత్తికెక్కింది. కప్పు మనింటికే, మరి కారు ఎవరింటికి? కొడుకని చూడను అన్న నోరే ఇది! హెల్మెట్‌కు తగిలించిన రేడియో తీగను ఒక్క లాగు లాగి పీకేశాడు. ఆ తర్వాత చెవుల్లో ఇంజను మోత తప్ప ఇంకేం లేదు.

చివరి మలుపులో కుర్రాడు లోపలి నుంచి తలదూర్చాడు. మొండి బయటి అంచున ఉన్న ఎత్తైన గట్టు మీదికి ముందు చక్రం ఎక్కించాడు. ఫట్‌మని ఏదో విరిగింది. దుమ్ములో రెండు కార్లూ పక్కపక్కనే బయటికొచ్చాయి. సగం కారు తేడాతో మొండి గెలిచాడు.

గెలిచినవాడు ఏం చేయాలి? నెమ్మదిగా పక్కకెళ్లి రబ్బరు ఏరుకోవాలి. అత్తగారు రేడియోలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. అక్కడ తీగ ఉంటే కదా! మొండి చుట్టంతా నిండు వేగంతో వచ్చాడు. బావ నిలబడ్డ గోడ ముందు ఆపి, బ్రేక్ తొక్కిపట్టి చక్రాలు గిర్రున తిప్పాడు. తెల్లటి పొగ లేచింది. జనం కేకలు. పొగలో దగ్గుతున్న బావను చూస్తూ ఇంకా తొక్కాడు. ఎన్నాళ్ల నుంచో నోరు చేయలేని పని టైర్లు చేస్తున్నట్టనిపించింది.

తూకం బల్ల మీద ఎర్ర అంకెలు వెలిగాయి. పదమూడు వందల ఇరవై నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. మళ్లీ తూచారు. మూడోసారి తూచారు. ఎనిమిది వందల గ్రాములు తక్కువ.

అత్తగారు తిట్టలేదు. అదే మొండిని భయపెట్టింది. ఆవిడ నల్లగా కాలిన టైరు మీద వేలితో రాసి, ఆ వేలు అతనికి చూపించింది. "పొగ రూపంలో మీ బావకిచ్చావు నాయనా, తూకానికి మిగల్లేదు."

ఇంతలో ట్రాక్ మనిషి ఒకడు చివరి మలుపు దగ్గర దొరికిందంటూ మొండి కారు ముందు బంపరు మూల ముక్క తెచ్చాడు. తూచారు. కిలో నూరు గ్రాములు. గరాజ్‌లో అందరి ముఖాలూ ఒక్కసారి వెలిగాయి. నిబంధనల పుస్తకంలో ఒక వాక్యం ఉంది. వేరే కారు గుద్దినందువల్ల విరిగిన ముక్కయితే దాని బరువు కలుపుకోవచ్చు. తనంతట తాను విరగ్గొట్టుకున్నదైతే కలపరు.

అధికారుల గదిలో పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు. ఇవతల మొండి, మేనల్లుడు, వాళ్ల వెనక బావ. చివరి మలుపు వీడియో వేశారు. దుమ్ము, రెండు నీడలు, అంతే.

"వీడియోలో తెలియడం లేదు," అన్నాడు పెద్ద అధికారి. "డ్రైవర్లే చెప్పాలి. నువ్వు తగిలావా?"

మేనల్లుడు మామయ్య వైపు చూశాడు. ఐదు నెలల్లో మొదటిసారి కళ్లలోకి చూశాడు. "తగిలానండి. నేనే తగిలాను. ఆ ముక్క నా వల్లే విరిగింది."

బావ ఊపిరి వదిలాడు. టీమ్‌కు మొదటి రెండు స్థానాలూ మిగిలాయి. మొండికి కారు మిగిలింది. తల ఊపితే చాలు. ఆ తల ఊపడానికి ఖర్చేమీ లేదు.

ఖర్చు లేకుండా వచ్చే సరుకును మొండి ఎప్పుడూ నమ్మలేదు. ఇవాళ వీడు ఇచ్చింది తీసుకుంటే రేపు ప్రతి రేసులోనూ, అక్క ఇంట్లో ప్రతి భోజనం దగ్గరా వీడి ముఖంలో ఆ ఇచ్చినది కనబడుతూనే ఉంటుంది. తను ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిల్లాడు తనకు వేసిన ముష్టి. పైగా చూస్తూ చూస్తూ ఎంత సులువుగా అబద్ధమాడుతున్నాడు! అప్పుడూ ఇంతే సులువుగా ఆడాడు.

"ఒరేయ్!" అన్నాడు మొండి. గది అదిరింది. "మూడో రేసులో గుద్ది, గుద్దలేదన్నావు. ఇవాళ గుద్దకుండా గుద్దానంటున్నావు. నీ నోట్లోంచి ఉన్నది ఉన్నట్టు ఎప్పుడొస్తుందిరా? పళ్లన్నీ ఊడాకా?"

"మామయ్యా..."

"నోర్ముయ్." బల్ల అవతలి వాళ్లకేసి తిరిగాడు. "వాడు తగల్లేదండి. గట్టు మీదికి నేనే ఎక్కించాను. ముక్క నేనే విరగ్గొట్టుకున్నాను. రాసుకోండి."

రాసుకున్నారు. గెలుపు మేనల్లుడికి పోయింది. వాడివి నలభై నాలుగు, మొండివి ముప్పై మూడు.

నడవాలోకి రాగానే బావ భుజం పట్టి తిప్పాడు. "బుద్ధుందా నీకు? నా కొడుకే ఒప్పుకుంటే కాదనడానికి నువ్వెవరు? నీ నెత్తిన నువ్వే దుమ్ము పోసుకున్నావు!"

"పోసుకోనివ్వండి. నెత్తి నాదే కదా."

గరాజ్‌లోకొచ్చి రెంచి తీసుకుని కారులో దూరాడు. అక్కడ అతని సొంతం అంటూ ఉన్నది సీటొక్కటే. అతని ఒంటి కొలతకు పోతపోసింది, ఇంకెవరు కూర్చున్నా నడుం పట్టేస్తుంది. నాలుగు బోల్టులు. భార్య వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆవిడ ముఖం కూడా నిప్పులా ఉంది.

"మూడో మలుపులో పోయేది అర సెకను," అంది. "ఇవాళ ఏకంగా ఉద్యోగమే పోగొట్టారు."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధం సంగతి కాదు. ఆ పొగ సంగతి. అది ఎవరు పెట్టమన్నారు?"

మొండి రెంచి బిగించాడు. మొదటి బోల్టు ఊడదీశాడు. రెండోది ఊడదీస్తుంటే మేనల్లుడు వచ్చాడు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"మామయ్యా, మూడో రేసు గురించి..."

"నాకెందుకు చెబుతున్నావు? నాకు తెలీదా? నా కారు వెనకభాగాన్ని అడిగితే అదే చెబుతుంది. వెళ్లి మీ నాన్నకు చెప్పు."

కుర్రాడు హెల్మెట్ కింద పెట్టాడు. "నాన్నకు తెలుసు."

రెంచి ఆగింది.

"ఆ రోజే చూశారు. నా కారు కంప్యూటర్‌లో బ్రేక్ ఎప్పుడు తొక్కానో ఉంటుంది కదా. నలభై అడుగులు ఆలస్యం. ఒప్పుకుంటానన్నాను మామయ్యా, నిజంగా అన్నాను. వద్దన్నారు. మామయ్యకు వయసైపోయింది, నీకింకా బతుకుందన్నారు."

చూళ్లేదురా, అన్నాడు బావ. కొడుకని చూడను, అన్నాడు. మొండి కోపం ఇన్నాళ్లూ సీసం మీద, కుర్రాడి మీద, అక్క మీద, టైర్ల మీద చిల్లరగా ఖర్చయిపోయింది. అసలు చెల్లించాల్సిన చోట ఒక్క పైసా చెల్లించలేదు. కారులోంచి బయటికొచ్చాడు. ఊడదీసిన రెండు బోల్టులు ఒక చేతిలో, రెంచి రెండో చేతిలో.

భార్య అడ్డొచ్చింది. అతని చేతిలోంచి రెంచి తీసుకుంది. "ఇది నాకిచ్చి వెళ్లండి. మాట చాలు."

"నేనూ వస్తా," అన్నాడు మేనల్లుడు.

"రా. చెప్పేది నువ్వే."

బావ గుడారంలో ఉన్నాడు. పొడుగు బల్ల మీద కేకు, గ్లాసులు, చుట్టూ బ్యాటరీల డీలర్లు, పక్కన అక్క. కొడుకును చూసి అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా కుర్రాడు ఆగాడు. తర్వాత మూడో రేసు సంగతి మొదటి నుంచి చివరి దాకా, నలభై అడుగులతో సహా చెప్పాడు. అక్క తన మొగుడి ముఖం చూసింది. ఆవిడకు తెలియదని ఆ చూపే చెప్పింది.

బావ చేతిలో గ్లాసు కింద పెట్టాడు. వ్యాపారి కదా, వెంటనే బేరానికి దిగాడు. "సరే. అయిందేదో అయింది. ఇప్పుడేం కావాలి నీకు? కారా? ఇద్దరూ సగం సగం నడపండి. పోనీ నువ్వే నడుపు. చెప్పు, ఏం కావాలి?"

మొండి ఈసారి అరవలేదు. "కారు మీ అబ్బాయికే ఇవ్వండి బావా. మీరు వద్దన్న మాట ఇందరిలో చెప్పాడు, వాడు నడపగలడు. మీకే చెబుతున్నా. ఇంకెప్పుడూ, ఎవరి ముందూ, కొడుకని చూడను అనకండి. ఆ మాట నమ్మి నేను ఎనిమిది రేసులు నడిపాను."

"మొండీ, కూర్చో. తిని మాట్లాడుకుందాం."

"నా సీటు విప్పుకెళ్తున్నా. బోల్టులు మీవి."

రెండు బోల్టులూ బల్ల మీద పడేశాడు. ఒకటి గ్లాసుకు తగిలి ఆగింది. రెండోది దొర్లుకుంటూ వెళ్లి డీలర్ల మధ్య నుంచి నేల మీద పడింది. వంగి తీయడానికి ఎవరూ కదల్లేదు. ఇంకా రెండు ఊడదీయాల్సి ఉంది. మొండి గరాజ్ వైపు నడిచాడు.